వారానికోసారి కంప్యూటర్ మాటలు చెప్పండి

సంపాదకులకు,

హన్మకొండ చౌరస్తా దగ్గర చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. మీ పేపర్లో వారానికోసారి కంప్యూటర్, ఇంటర్నెట్ మాటలకు కొంచెం జాగా ఇవ్వమని నా మనవి.

చదువుకున్న పిల్లలకూ ఇది అవసరమే. మొన్న ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతూ ఒక డిగ్రీ అమ్మాయి "అన్నా, ఫొటో ఎక్కుతలేదు" అని ఏడుపు మొహంతో వచ్చింది. సైట్ అడిగింది 50 కేబీలోపు ఫొటో, ఫోన్లో తీసింది 4 ఎంబీ. ఒక ఎంబీ అంటే దాదాపు వెయ్యి కేబీలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సైజు తగ్గించడం రెండు నిమిషాల పని. దానికి ఆఖరి రోజు అంత టెన్షన్!

పీఎం కిసాన్ ఈకేవైసీకి, అంటే ఆన్‌లైన్‌లో గుర్తింపు సరిచూసుకోవడానికి, వచ్చే రైతులైతే పక్కన నలుగురున్నా ఓటీపీ (ఫోన్‌కు వచ్చే రహస్య అంకెలు) గట్టిగా చదివేస్తారు. నేనే ఆపుతుంటాను.

అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే సైట్ మంచిదేనని చాలామంది నమ్మకం. మనం పంపే వివరాలు దారిలో వేరేవాళ్లు చదవలేరనే ఆ గుర్తుకు అర్థం, అవతల ఉన్నది దొంగో దొరో అది చెప్పదు. సైట్ పేరులో, అంటే అడ్రస్‌లో https:// తర్వాత వచ్చే మొదటి '/' గీత వరకు ఉన్న భాగంలో, గవ్ డాట్ ఇన్ అని మధ్యలో కనిపించి, చివర డాట్ కామ్ అనో ఇంకేదో ఉంటే అది సర్కారు సైట్ కాదు. ఇలాంటివి రాయండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్నదీ వేయండి.

అక్షరాలు కాస్త పెద్దగా ఉంటే కత్తిరించి మా గోడకు అతికిస్తాను.

– ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు, హన్మకొండ