బాప్తిస్మం తరువాత నన్ను నిలబెట్టిన మా సంఘానికి కృతజ్ఞతలు

ప్రభువైన యేసుక్రీస్తు నామమున ఒంగోలులోని మా సంఘపు పాస్టరుగారికి, ఆయన భార్య అయిన అమ్మగారికి, పెద్దలకు, విశ్వాసులందరికి నా హృదయపూర్వక వందనములు. నా బాప్తిస్మం నాడు మీరు చూపిన ప్రేమకు అప్పుడే కృతజ్ఞతలు చెప్పాను గాని, ఆ తరువాతి నెలలలో మీరు నా కోసం వెచ్చించిన సమయం గురించి ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు. నిజానికి నన్ను విశ్వాసంలో నిలబెట్టినది అదే.

క్రైస్తవ కుటుంబంలో పుట్టని నాకు ఆదివారపు ప్రసంగం మొదట్లో సగమే అర్థమయ్యేది, ఎందుకంటే అబ్రాహాము ఎవరో, దావీదు ఎవరో అందరికీ తెలుసుననుకొని సాగే బోధలో నావంటివారు ఆగి ప్రశ్న అడగడానికి చోటుండదు. ఆ సంగతి గ్రహించి, సంఘంలోని ఒక పెద్దాయన, ఆయన భార్య ప్రతి బుధవారం సాయంత్రం నన్ను తమ ఇంటికి పిలిచి, మార్కు సువార్త పదహారు అధ్యాయాలను నాతో పాటు నెమ్మదిగా చదివారు. ఎఫెసులో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు అపొల్లో అనే బోధకుని చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో చదివినప్పుడు, ఆ పని ఎలా ఉంటుందో నాకు ఎవరూ వేరుగా చెప్పనక్కరలేకపోయింది. అమ్మగారు నాకు ప్రార్థన నేర్పిన తీరును కూడా ఇక్కడ చెప్పాలి: ఇతరుల మాటలను కంఠస్థం చేయించక, బైబిలులోని ఒక కీర్తన చదివించి, అందులో నా స్థితికి తగిన మాటను పట్టుకొని దేవునితో మాట్లాడమనేవారు.

సంక్రాంతికి ఊరికి వెళ్ళవలసి వచ్చినప్పుడు, పూజలో పెట్టిన ప్రసాదం విషయమై నా మనస్సు చాలా కలవరపడింది. పాస్టరుగారు ఒక్క మాటలో ఆజ్ఞాపించి పంపివేయగలిగేవారే గాని, విగ్రహాలకు అర్పించినవాటిని తినడం గురించి చెప్పే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాలను నా చేత చదివించి, నా మనస్సాక్షిని, అమ్మానాన్నల గౌరవాన్ని రెండింటినీ ఆలోచించుకొమ్మని, చెప్పవలసినది బంధువుల ఎదుట కాక అమ్మతో ముందుగానే ప్రేమగా చెప్పమని సలహా ఇచ్చారు. నేను అలాగే చేశాను. అమ్మ మౌనంగా విని, నైవేద్యానికి ముందే నా వంతు అరిసెలు వేరుగా తీసి ఉంచింది. కొత్త విశ్వాసిని కుటుంబం నుండి విడదీయడం శిష్యత్వం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఆ నమ్మకం నాకు ఈ సంఘంలోనే కలిగింది.

మన ప్రాంతపు సంఘ చరిత్రను కూడా ఆ పెద్దాయనే నాకు చెప్పారు. 1876–78 నాటి కరువులో బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో వేలమందికి పని కల్పించిన మిషనరీ జాన్ క్లౌ, సహాయం కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు రోజులలో బాప్తిస్మములను నిలిపివేశారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య గురించి అందరూ చెబుతారు. కాని ఆ తరువాత పల్లె పల్లెకు నడిచి వెళ్ళి వారికి వాక్యం నేర్పిన తెలుగు బోధకులను తలచుకునేవారు తక్కువ. మీరు చేస్తున్నది ఆ బోధకుల పనే గనుక, అది పదిమందికి తెలియాలని ఇంత వివరంగా వ్రాస్తున్నాను.

నన్ను సాక్ష్యం చెప్పమని తొందరపెట్టని యౌవనస్థుల కూటం వారికి, తన పాటల పుస్తకాన్ని నాకిచ్చిన అక్కకు, మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు భోజనం తెచ్చి, ఆయన అనుమతి అడిగిన తరువాతనే ప్రార్థన చేసిన సహోదరులకు ప్రత్యేకంగా నా కృతజ్ఞతలు. మిమ్మల్ని ఒకసారి భోజనానికి పిలవమని నాన్నగారు నాతో చెప్పారు. దయచేసి అందరూ రాగలరు.