వృద్ధాశ్రమంలో మడమలు చూడండి

అయ్యా,
వృద్ధాశ్రమాల్లో తోట, ఏసీ గది చూసి అడ్వాన్సు కట్టేస్తున్నారు. చెప్పకుండా ఆదివారం రాత్రి 8 గంటలకు వెళ్లండి. ఎంతమందికి ఒక ఆయా ఉందో అప్పుడే తెలుస్తుంది. పెద్దవారిని చేర్చాక, వెళ్లిన ప్రతిసారీ దుప్పటి తొలగించి మడమలు, నడుము కింది భాగం చూడాలి. మంచం పట్టినవారిని సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఎముక ఒత్తిడికి అక్కడ పుండు పడుతుంది. పుండు పడే ముందు వచ్చే ఎరుపు మన చాయలో సరిగా కనబడదు; చర్మం నల్లబడి, వెచ్చగా, గట్టిగా తగులుతుంది. గాలి పరుపు వేసినా తిప్పక తప్పదు. పగలంతా మగతగా ఉంటే మత్తుమాత్రలు ఏ డాక్టరు రాశారో చీటీ అడగండి. ఆశ్రమం వారు నెలనెలా పెద్దవారి బరువు తూచి రిజిస్టరులో రాయాలి. నిర్లక్ష్యం కనబడితే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు.

– వయోవృద్ధుల సంరక్షణ నర్సులు, గుంటూరు