లోడు లెక్క తప్పితే ట్రాన్స్‌ఫార్మర్ నిలవదు

సంపాదకులకు నమస్కారం.

విశాఖ కేంద్రంగా పనిచేసే ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ పరిధిలో పల్లెలే ఎక్కువ. పొలంలో 25 కేవీఏ (మోయగల విద్యుత్ భారానికి కొలత) ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే నింద పిడుగు మీదకు పోతుంది. చాలాసార్లు తప్పేది లెక్క. 5 హెచ్‌పీ మోటారు దాదాపు 6 కేవీఏ లాగుతుంది, అంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ నాలుగు మోటార్లకే సరి. ఐదోది తగిలిస్తే లోపలి నూనె కాగి, తీగ చుట్టల ఇన్సులేషన్ పెళుసెక్కుతుంది. మోటారుకో 2 కేవీఏఆర్ సామర్థ్యమున్న కెపాసిటర్ (లైను నుంచి లాగే కరెంటును తగ్గించే పరికరం) ఉంటే భారం కొంత తగ్గుతుంది. పెట్టిన కెపాసిటర్లను పీకి పక్కన పడేసేవాళ్లూ ఉన్నారు!

ఇక ఫ్యూజు. సరైన తీగ బదులు లావు అల్యూమినియం తీగ చుడితే, షార్ట్ అయినప్పుడు ఫ్యూజు నిలుస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. బ్రీదర్ (లోపలికి వెళ్లే గాలిలోని తేమను ఆపే డబ్బా) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లలో, తేమ పీల్చే నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగితే మార్చాల్సిందే. ఎండాకాలం ఎర్త్ గుంతలో నీళ్లు పోయాలి. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగిందా, ఇళ్లలో 230 వోల్టులు 400 దాకా ఎగబాకి టీవీలు, ఫ్యాన్లు మాడతాయి.

ఈ పనులకని ట్రాన్స్‌ఫార్మర్ జోలికి రైతు వెళ్లకూడదు, విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి. వానలకు ముందే, మే నెలలో సంస్థ వీటన్నింటినీ తనిఖీ చేయించి, ఆ తేదీని దిమ్మె మీదే పెయింటుతో రాయించాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం