ఔటింగ్ ఆదివారం, ఏఆర్‌టీ సెంటర్‌కు సెలవూ ఆదివారమే

సంపాదకులకు,

హెచ్‌ఐవీతో పుట్టి ఇప్పుడు పదో తరగతి, ఇంటర్ చదువుతున్న పిల్లలు మందులు మానేస్తే 'వయసు అలాంటిది, మొండితనం' అని తేల్చేస్తున్నారు. మొండితనం సంగతి తర్వాత, ముందు హాస్టల్ టైంటేబుల్ చూడండి.

తిరుపతి రెసిడెన్షియల్ కాలేజీల్లో ఔటింగ్ మామూలుగా ఆదివారం ఇస్తారు. ఆ రోజు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఉండదు. మామూలు రోజున వెళ్లాలంటే వార్డెన్‌కు కారణం చెప్పాలి. చెప్తే నలుగురికీ తెలుస్తుందని భయం, చెప్పకపోతే పర్మిషన్ రాదు. సీసాలో ఉండేది 30 మాత్రలే. వారం ఆలస్యమైతే వారం మందు లేనట్టే. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా ఎవరి విషయమూ బయటపెట్టకూడదు, చదువుకు అడ్డుపడకూడదు. గార్డియన్ 'ఆసుపత్రి పని' అని అడిగితే జబ్బు పేరు అడక్కుండా ఒక పనిదినం పంపడానికి ప్రిన్సిపాళ్లకు ఏ జీవో అక్కర్లేదు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) అదుపులో ఉన్నవారికి రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇస్తారు, ఇంట్లోవాళ్లు అడగాలి.

30 కిలోలు దాటిన పిల్లల్లో ఎక్కువమందికి ఇప్పుడు టీఎల్‌డీ, అంటే డోలుటెగ్రావిర్‌తో సహా మూడు మందులు కలిపిన మాత్ర, రోజుకొకటి. తిన్నాకైనా, తినకముందైనా సరే. రాత్రి పడుకునే ముందే వేయాలన్నది ఎఫావిరెంజ్ అనే పాత మందు నాటి అలవాటు, దానికి తల తిరిగేది. రాత్రి తొమ్మిదికి డార్మిటరీ నిండా జనం. తెల్లవారి స్నానానికి వెళ్లేటప్పుడు చాటు దొరికితే ఆ వేళే పెట్టుకోవచ్చు, రోజూ అదే వేళ అయితే చాలు. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి వద్దు. సీసా గలగలమంటుందని మాత్రలు కాగితంలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచేవాళ్లున్నారు. తేమ తగిలి పాడవుతాయి. లేబుల్ పీకేయండి గానీ సీసానూ, అందులోని తేమ పీల్చే పొట్లాన్నీ పారేయకండి.

బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర, కాల్షియం, గ్యాస్ మందు... ఇవి టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. వాటికి 2 గంటల ముందు గానీ 6 గంటల తర్వాత గానీ టీఎల్‌డీ వేసుకోవాలి. భోజనంతో అయితే ఐరన్‌నూ, కాల్షియంనూ టీఎల్‌డీతో పాటే వేసుకోవచ్చు, గ్యాస్ మందుకు ఆ వెసులుబాటు లేదు. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

గంగమ్మ జాతరకు ఇంటినిండా చుట్టాలొస్తే సీసా అసలు బయటికే రాదు. మాత్రల్లో కనీసం 95 శాతం వేసుకోవాలంటారు, నెలలో రెండు తప్పినా దాని కిందికి పడిపోతారు. ఒళ్లు మాత్రం బాగానే ఉంటుంది, ధీమా పెరుగుతుంది. వైరస్ పెరిగిందని పరీక్షలోనే తెలిసేది.

అన్నిటికన్నా చేటు చేసేది అబద్ధం. అమ్మమ్మ 'బలం మాత్ర' అంటుంది. పిల్ల సీసా మీది పేరు ఫోనులో కొట్టి చూసుకుంటుంది. ఆ తర్వాత మాత్రనూ నమ్మదు, అమ్మమ్మనూ నమ్మదు. ఆరేడేళ్ల నుంచి కొంచెం కొంచెంగా మొదలుపెట్టి 12 నిండేలోపు పూర్తిగా చెప్పేయాలి. ఎలా చెప్పాలో తెలియక కాళ్లూచేతులూ ఆడకపోతే సెంటర్‌లో కౌన్సెలర్‌నే చెప్పమనండి, లేదా 1097కు ఫోన్ చేయండి, ఉచితం.

- కొందరు కౌన్సెలర్లు, తిరుపతి