తోలు వారు, చెక్కుడు దిమ్మ: మన చర్మకారుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పని చాలావరకు ఒక్క బల్ల చుట్టూనే జరిగింది. తోలు వారు, అంటే అల్లికకు వాడే సన్నటి పొడవాటి తోలు ముక్క కోయడానికి, దాని అంచులు ఏటవాలుగా చెక్కడానికి కావలసిన పనిముట్లు మన చేతులతో మనమే చేసుకోవాలని పోయినేడు సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. చేసుకున్నాం. అందుకే ముందు ఆ సంగతి వివరంగా చెప్తాను.

చర్నాకోల అల్లడం మన పెద్దలకు కొట్టిన పిండి. ట్రాక్టర్లు వచ్చాక బండ్లు తగ్గాయి, చర్నాకోల అడిగేవాళ్లూ తగ్గారు. ఇప్పుడు బండలాగుడు పోటీలకు ఎడ్లను మేపే రైతులు అడుగుతున్నారు. పట్నం కొట్లవాళ్లు కుక్కల పట్టీలు, బ్యాగు పిడులు అడుగుతున్నారు. వాళ్లకు కొలత ముఖ్యం. 3 మి.మీ. అంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా 3 మి.మీ. ఉండాలి. రంపెతో, అంటే తోలు కోసే కత్తితో, కంటి అంచనా మీద అలా కోయగల చెయ్యి మనలో పెద్దాయనది ఒక్కటే. ఏడాది మొదట్లో ఒక కొట్టు మన పట్టీలన్నీ వెనక్కి పంపింది, చేతికి గరుకుగా తగులుతున్నాయని. చూస్తే నిజమే. వార్ల అంచులు చెక్కకుండా అల్లేశాం. ఆ రోజు అందరం చాలా బాధపడ్డాం.

మొదట చేసింది కోత దిమ్మ. గుప్పిట్లో పట్టే చెక్కముక్క, అందులో ఒక గాడి, గాడికి అడ్డంగా బ్లేడు. గాడి గోడకూ బ్లేడుకూ మధ్య ఎంత ఎడం ఉంటే వారు అంత వెడల్పు వస్తుంది. తోలును గుండ్రటి బిళ్లగా కోసి, అంచు నుంచి చుట్టూ తిప్పుతూ లాగితే ఒకే పొడవాటి వారు దిగుతుంది. 15 సెం.మీ. అడ్డుకొలత బిళ్లలో నడిమి ముక్క వదిలేసినా 3 మి.మీ. వారు దాదాపు 5.5 మీటర్లు వస్తుంది. కుర్రాళ్లు టేపు పెట్టి కొలిచాకే నమ్మారు.

రెండోది చెక్కుడు దిమ్మ, అసలు కష్టం దీనితోనే. ఇందులో బ్లేడు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. వారును లాగుతుంటే మాంసం వైపు, అంటే తోలు లోపలి వైపు అంచు నుంచి దారప్పోగంత సన్నటి తునక లేచి చుట్టలు చుట్టుకుంటుంది. అది తెగకుండా వస్తే పదును బాగున్నట్టు. పొడిపొడిగా రాలితే బ్లేడు తీసి నూరాల్సిందే. అంచు చెక్కిన పాయలు అల్లికలో ఒకదాని మీద ఒకటి వాలి కూర్చుంటాయి. చెక్కనివి మెట్లు మెట్లుగా నిలబడతాయి.

మామిడి చెక్కతో చేసిన మొదటి దిమ్మ వానాకాలంలో ఉబ్బి గాడి బిగుసుకుపోయింది. ఒక మేకతోలు దండగైంది. తర్వాత టేకుతో చేశాం, ఇప్పటిదాకా ఇబ్బంది లేదు. ఇంకో సంగతి కూడా తోలు పాడుచేసుకునే నేర్చుకున్నాం. వారును కాస్త వెడల్పుగా కోసి, తడిపి సాగదీసి, ఆరాక సరైన కొలతకు మళ్లీ కోసి, ఆ తర్వాతే అంచు చెక్కాలి. సాగితే వారు సన్నబడుతుంది. ముందే చెక్కేస్తే కొలత పోతుంది.

కుర్రాళ్లు దిమ్మను ముందుకు తోస్తుంటే పెద్దాయన ఊరుకోలేదు. "ఒరే అబ్బాయ్, దిమ్మ కదలకూడదురా, తోలు కదలాలి" అని వాళ్ల చేతులు పట్టుకుని చూపించారు. ఇద్దరికి బొటనవేలు తెగింది. ఇకమీద వేలికి తోలు తొడుగు లేకుండా ఎవరూ బల్ల దగ్గర కూర్చోకూడదు.

ఊళ్లో పచ్చితోలు చెడకుండా పదును చేసే లంద మూతపడి చాలా ఏళ్లైంది కనుక తంగేడు బెరడుతో పదును చేసిన మేకతోలు బయటే కొంటున్నాం. గేదెతోలు చెప్పులకే వాడుతున్నాం. అల్లేముందు వార్లకు ఆముదం పలచగా రాస్తున్నాం.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో మనదీ ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. ఇంకా పేరు నమోదు చేసుకోని వాళ్లు ఆలస్యం చేయొద్దు. కాగితాల టెన్షన్ ఉంటే నా దగ్గరికి రండి, కలిసి నింపుదాం. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది ఎవరి దిమ్మ వాళ్లే చేసుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది. ఆదివారం సాయంత్రాలు సంఘం గది తెరిచి ఉంటుంది, పెద్దాయన వస్తానన్నారు. టేకు ముక్కలు గదిలో ఉన్నాయి. బ్లేడు, తొడుగు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోండి.

మీ కార్యదర్శి