ఇంటి ఓటుకు ఒక్కసారి నమోదు చాలదా?

సంపాదకులకు,

85 ఏళ్లు దాటిన వృద్ధులు, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారు శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో ఇంటి వద్దే పోస్టల్ బ్యాలెట్‌తో ఓటు వేసే సౌకర్యం మెచ్చదగినదే. అయితే ఇందుకు ప్రతి ఎన్నికకూ ఫారం 12డీ అనే దరఖాస్తు కొత్తగా నింపాలి. నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోగా అది రిటర్నింగ్ అధికారికి చేరాలి. ములుగు, భూపాలపల్లి జిల్లాల మారుమూల పల్లెల్లో, పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడగా ఒంటరిగా మిగిలిన ముసలివారికి బూత్ స్థాయి అధికారి వచ్చి చెబితే తప్ప ఆ గడువు తెలియదు. పైగా 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో 80గా ఉన్న వయోపరిమితిని 2024 మార్చిలో 85కు పెంచడంతో, నవంబరులో ఇంట్లోనే ఓటేసిన 82 ఏళ్ల వృద్ధురాలు మే నెల లోక్‌సభ ఎన్నికల్లో పోలింగ్ కేంద్రానికి వెళ్లాల్సిన పరిస్థితి ఏర్పడింది. ఈ ఆరు నెలల్లో ఆమె వయసేమీ తగ్గలేదు కదా!

సైనికుల పేర్లు సర్వీసు ఓటర్ల జాబితాలో ఒకసారి చేరితే కొనసాగుతాయి. ప్రతిసారీ దరఖాస్తు అడగకుండానే బ్యాలెట్ పంపుతారు. శాశ్వత వైకల్యం ధ్రువీకరణ పొందినవారికి, అర్హులైన వృద్ధులకు అదే పద్ధతి వర్తింపజేయవచ్చు. పోస్టల్ ఓటు ఎంచుకున్నవారికి పోలింగ్ కేంద్రంలో ఓటు వేసే వీలుండదు కనుక, జాబితా సవరణ సమయంలో బూత్ స్థాయి అధికారి ఇంటికి వెళ్లి వారి ఇష్టాన్ని మరోసారి నిర్ధారించుకుంటే సరిపోతుంది. ఎన్నికల సంఘం ఈ మేరకు నిబంధనలను సవరింపజేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హనుమకొండ