వెనుక డిఫ్యూజర్లు: మా కస్టమర్లకు ఒక వివరణ

మా షాపుకు వచ్చే స్పోర్ట్స్ కార్ల యజమానులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. కంపెనీ ఇచ్చిన వెనుక బంపర్‌కు బయట దొరికే డిఫ్యూజర్, అంటే కారు అడుగున గాలి బయటికి పోయే చోట పైకి వాలుగా ఉండే పలకల ముక్క, తగిలిస్తే కారు రోడ్డును మరింత గట్టిగా పట్టుకుంటుందా, పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఉంటుందా అని అడుగుతున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఈ సామాను అమ్మి, బిగించి వ్యాపారం చేస్తున్నవాళ్లం కాబట్టి దీనికి సూటిగా సమాధానం చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది. అందం కోసమైతే నిక్షేపంగా పెట్టించుకోండి. పట్టు కోసమే అయితే, మీ కారు మన రోడ్ల మీద మాత్రమే తిరిగేదైతే, ఆ డబ్బు మాకు ఇవ్వకండి.

కారు కిందుగా వెనక్కి వెళ్లే గాలికి, చివరి భాగంలో కారు నేల (అడుగు భాగం) డిఫ్యూజర్ రూపంలో క్రమంగా పైకి లేస్తూ దారి విశాలమైతే, ఆ గాలి వేగం తగ్గి దాని పీడనం బయటి గాలి పీడనంతో సర్దుకుంటుంది. వెనుక ఈ సర్దుబాటు సాఫీగా జరిగితే, అంతకు ముందున్న నేల కింద గాలి మరింత వేగం అందుకుని అక్కడి పీడనం పడిపోతుంది. కారును రోడ్డుకు అదిమేది ఆ పీడనాల తేడాయే. కాబట్టి వెనుక నుంచి కనిపించే నల్లటి పలకలకు సొంతంగా ఉన్న శక్తి చాలా తక్కువ. వాటికి ముందున్న నేలంతా నున్నగా, రోడ్డుకు దగ్గరగా ఉన్నప్పుడే వాటికి పని దొరుకుతుంది. 1978లో మారియో ఆండ్రెట్టికి ఫార్ములా వన్ టైటిల్ తెచ్చిపెట్టిన లోటస్ 79 రేసు కారులో అడుగు భాగాన్నే తిరగేసిన విమానం రెక్కలా మలచి, పక్కల నుంచి గాలి చొరబడకుండా రోడ్డు దాకా స్కర్టులు (అడ్డు పలకలు) దించారు. రోడ్డు మీద తిరిగే కార్లలో 1999 నాటి ఫెరారీ 360 మోడెనా మంచి ఉదాహరణ. దానికి వెనుక రెక్క లేదు. అవసరమైన ఒత్తిడిని చదునైన నేల, దాని చివరనున్న డిఫ్యూజర్లు కలిసి సమకూరుస్తాయి. ఈ రెండింటిలోనూ నేలను, డిఫ్యూజర్‌ను ఒకే వస్తువుగా భావించి మొదటి గీత నుంచే కలిపి రూపొందించారు.

ఇప్పుడు మన దగ్గరికి వచ్చే కారును లిఫ్ట్ ఎక్కించి కింద నిలబడి చూడండి. సైలెన్సర్ డబ్బా కిందికి దిగి ఉంటుంది, సస్పెన్షన్ ఆర్ములు అడ్డంగా ఉంటాయి, స్టెప్నీ గుంట ఉన్న కారైతే అది కూడా బొడిపెలా పొడుచుకు వస్తుంది. ఇవన్నీ దాటి డిఫ్యూజర్ దాకా చేరే గాలి అప్పటికే చిందరవందరై ఉంటుంది. మేము ఒక కస్టమర్ అనుమతితో ఆయన కూపే కారు డిఫ్యూజర్ అడుగున జానెడు పొడవు ఉన్ని దారాలు టేపుతో అంటించి, చిన్న కెమెరా బిగించి, తెల్లవారుజామున గుంటూరు వైపు హైవే మీద నడిపి చూశాం. గాలి అంటిపెట్టుకుని పారితే దారాలు వెనక్కి తిన్నగా చాచుకుని నిలవాలి. మా వీడియోలో అంచుల దగ్గరున్న ఒకటి రెండు తప్ప మిగిలినవన్నీ సుడులు తిరుగుతూ, కొన్ని ఏకంగా ముందుకు మళ్లుతూ కనిపించాయి. ఆ డిఫ్యూజర్ వాలు చాలా నిటారుగా ఉండటమే ప్రధాన కారణమని మా అభిప్రాయం. సాధారణంగా పది డిగ్రీలకు అటూ ఇటూ ఉన్న వాలును గాలి అనుసరించగలదు. పదిహేను దాటుతున్న కొద్దీ ఉపరితలాన్ని వదిలేసే ప్రమాదం పెరుగుతుంది. మార్కెట్లో దొరికేవాటిలో చాలా భాగం కంటికి భారీగా కనిపించాలని అంతకు రెండు మూడింతల వాలుతో తయారవుతున్నాయి.

అన్నీ సవ్యంగా కుదిరాయనే అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలి చూపగల ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువుతో సమానం. బంపర్ కింద తగిలించే ముక్క వైశాల్యం అర చదరపు మీటరు ఉంటే గొప్ప, ఆ ఒత్తిడిలోనూ కొంత భాగమే లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఆ ముక్క వరకు చూసుకుంటే దక్కేది కొద్ది కిలోలు మాత్రమే, అంటే ఊరి నుంచి డిక్కీలో పెట్టుకుని వచ్చే ఆవకాయ జాడీ బరువంత. టన్నున్నర బరువుండే కారు నడకలో ఆ తేడాను చేతులు గుర్తుపట్టలేవు. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది, నిజమే. కానీ 200 వేగానికి బెంజ్ సర్కిల్‌లోనూ చోటు లేదు, కాజ టోల్‌గేటు దారిలోనూ చోటు లేదు.

నష్టాల విషయం కూడా దాచకూడదు. మొన్న ఒక కారు నుంచి మేము ఊడదీసిన ఏబీఎస్ ప్లాస్టిక్ డిఫ్యూజర్‌లో సైలెన్సర్ గొట్టం పక్కనున్న అంచు మెత్తబడి లోపలికి చుట్టుకుపోయింది. ఆ ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మన ఎండాకాలంలో ట్రాఫిక్‌లో ఆగిన కారు వెనుక వేడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపుల దగ్గర, ఎత్తైన స్పీడ్ బ్రేకర్ల దగ్గర కింది అంచు గీసుకుంటుంది. డబుల్ టేపుతో, నాలుగు స్క్రూలతో సరిపెట్టిన ముక్క హైవే మీద ఊడితే వెనుక వచ్చే బైకు మనిషికి ప్రాణాపాయం. నాకు అన్నింటికన్నా ఎక్కువ భయం కలిగించేది ఇదే.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. బంపర్ కోసి బిగించే రకం ముక్కలు, నంబరు ప్లేటునో రిఫ్లెక్టర్లనో కప్పేసే రకాలు ఇటు తనిఖీలోనూ, అటు ఇన్సూరెన్స్ క్లెయిమ్ సమయంలోనూ చిక్కులు తేగలవు.

ట్రాక్ మీద నడిపేవారి విషయం వేరు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై సర్క్యూట్‌కు క్రమం తప్పకుండా వెళ్లేవారు, కారును కిందికి దించి, ముందు నుంచి వెనుక దాకా చదునైన అల్యూమినియం నేల వేయించుకుని, ముందు భాగంలో కూడా దానికి తగిన సమతూకం చూసుకుంటే డిఫ్యూజర్‌కు నిజమైన ప్రయోజనం ఉంటుంది. వెనుక ఒక్కచోటే పట్టు పెరిగితే వేగంగా తీసుకునే మలుపుల్లో ముందు చక్రాలు బయటికి జారతాయి కాబట్టి ఈ పనిని ముక్కలు ముక్కలుగా చేయించకండి.

ఈ నెల నుంచి మా షాపులో కొన్ని పద్ధతులు మారుతున్నాయి. టేపుతో మాత్రమే నిలిచే డిఫ్యూజర్లను అమ్మడం ఆపేశాం. బ్రాకెట్‌తో ఛాసిస్‌కు బిగించే రకాలు ఉంటాయి, వాటి బిల్లు మీద ‘అలంకరణ సామాను’ అని రాసి ఇస్తాం. పట్టు కోసం వచ్చినవారికి ముందుగా టైరు పక్కనున్న నాలుగంకెల తయారీ గుర్తు చూపిస్తాం. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. తక్కువగా తిరిగే స్పోర్ట్స్ కార్లలో గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడిపోవడం మేము తరచుగా చూస్తున్నాం. ఆ తర్వాత బ్రేక్ ఆయిల్, అలైన్‌మెంట్ చూస్తాం. ఇప్పటికే ఎక్కడ బిగించుకున్నవారైనా సరే, కారు తీసుకురండి. లిఫ్ట్ ఎక్కించి బిగింపులు, సైలెన్సర్ దగ్గర ఖాళీ, నేల అంచు చూసి, ఉంచాలో తీసేయాలో డబ్బు తీసుకోకుండా చెబుతాం.